మిద్దె మీది రన్‌వే

తిరుపాల్ ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఆకాశంలో ఎగిరేవాళ్ళు అతని మాట విన్నారు. ఎమ్మిగనూరుకు తిరిగి వచ్చాక నేల మీద నడిచేవాళ్ళు ఒక్కరూ వినడం లేదు. ఊరి మీద అతనికున్న చిన్నచూపు అక్కడ మొదలైంది.

మగ్గం ఇంట్లో పుట్టి, ఆదోనిలో డిగ్రీ చదివి, విమానాశ్రయంలో కంట్రోలర్ ఉద్యోగం సంపాదించి, మద్రాసులోనూ బొంబాయిలోనూ ఎత్తయిన టవర్ల మీద అద్దాల గదుల్లో కూర్చుని, విమానాలను దించుతూ ఎగరేస్తూ బతుకు గడిపాడు. రిటైరయ్యాక భార్య కృష్ణకుమారి పట్టుబడితే వీవర్స్ కాలనీలో మిద్దె కట్టాడు. అతను చేసిన పని ఏమిటో కాలనీలో ఎవరికీ సరిగ్గా తెలియదు. పైలట్ అనుకునేవాళ్ళు కొందరు, విమానానికి జెండా ఊపి పంపేవాడనుకునేవాళ్ళు కొందరు. అక్క కొడుకు బజారి మాత్రం తన బట్టల అంగడికి వచ్చిన వాళ్ళందరికీ, "మా మామ ఏర్‌పోర్టులో మైకు కాడ కూసోని అనౌన్సుమెంట్లు సెప్తాండె" అని చెప్పి ఆ సందేహాలన్నిటినీ తీర్చేశాడు.

ఊళ్ళో తిరుపాల్‌కు నచ్చింది ఒక్కటీ లేదు. ఆటోవాడు చెయ్యి చూపకుండా మలుపు తిప్పుతాడు. బస్టాండులో కండక్టరు పక్కవాడితో మాట్లాడుతూ, వెనక ఏముందో చూడకుండానే, రైట్ రైట్ అని బస్సును వెనక్కి రమ్మంటాడు. ఫోను ఎత్తిన ప్రతివాడూ చేను అవతలి గట్టు మీదున్నవాణ్ణి పిలిచినట్టు అరుస్తాడు, అంత అరిచీ అసలు చెప్పవలసింది చెప్పకుండా పెట్టేస్తాడు. "మీ ఊరోళ్ళు" అని భార్య ముందు అనేవాడు, తను ఆ ఊళ్ళో పుట్టనట్టు. తన పుట్టిల్లు పెద్దకడుబూరని, ఈ ఊరు ఆయనదేనని కృష్ణకుమారి ప్రతిసారీ గుర్తుచేసేది. అతను అదీ వినేవాడు కాదు.

అన్నిటికంటే అతనికి ఒళ్ళు మండేది 'ఊ' అనే జవాబుకు. మిద్దె కట్టేటప్పుడు మెట్లు ఉత్తరం వైపు రావాలని మేస్త్రీకి చెబితే, మేస్త్రీ తల ఊపి ఊ అన్నాడు. సాయంత్రం వచ్చి చూస్తే మెట్లు పడమట లేస్తున్నాయి. ఇదేమని అడిగితే, పెద్దాయన ఏదో చెప్పినాడని తెలుసుగానీ మళ్ళీ అడిగితే బాగుండదని ఊరుకున్నానన్నాడు. బజారి అంగడికి చీరలు నేసే ఉచ్చీరప్పదీ ఇదే కథ. అంచు సన్నంగా రావాలని బజారి చెప్పాడు, అతను ఊ అన్నాడు. పోగు తెగకుండా ఎంతో పొందికగా అంతా నేసి తెచ్చాడు, జానెడు అంచుతో. బజారికి కోపం రాలేదు. ఉచ్చీరప్ప చాలా మర్యాదస్తుడని మెచ్చుకుని, ఆ చీరలను వేరే బేరానికి పెట్టుకున్నాడు. ఇలాంటి జనం మగ్గాల దగ్గరే ఉండటం దేశానికి మంచిదని, టవర్‌లోకి వచ్చి ఉంటే రోజుకో విమానం కూలేదని తిరుపాల్ భార్యతో అన్నాడు.

దీపావళి ముందర ఊరి కూడలిలో ఒక ఫ్లెక్సీ లేచింది. 'మా ఎమ్మిగనూరు ముద్దుబిడ్డ కెప్టెన్ ఇందు గారికి శుభాకాంక్షలు' అని పెద్ద అక్షరాలు. కింద నల్ల కళ్ళద్దాలతో బజారి, అతని చుట్టూ దండ వేసినట్టు అంగడి వీధి మిత్రులు. వెనక మేఘాల్లో నాలుగు ఇంజన్ల విమానం. ఆ ఇందు బజారి కూతురు. మధ్యప్రదేశ్‌లో ఒక ఫ్లయింగ్ స్కూల్లో చదువుతోంది. ఆమె నడిపేది ఇద్దరు పట్టే, ఒక్క ఇంజను బుల్లి విమానం. కెప్టెన్ మాట దేవుడెరుగు, చేతికి లైసెన్సు కూడా రాలేదు. తిరుపాల్ ఫ్లెక్సీ కింద నిలబడి నాలుగు ఇంజన్లనూ లెక్కపెట్టి ఇంటికి వచ్చాడు. వాటిలో ఒక్క ఇంజను బరువుండదు బజారి బుర్ర అని కృష్ణకుమారికి చెప్పాడు.

పండగ మర్నాడు ఆ కెప్టెనే గిన్నెలో కజ్జికాయలు పట్టుకుని గుమ్మంలో నిలబడింది. అవ్వ, అంటే తిరుపాల్ అక్క, పంపిందని చెప్పింది. లోపలికి రమ్మంటే ఊ అని అక్కడే నిలబడింది. కూర్చోమంటే ఊ అని గోడకు ఆనుకుంది. తిరుపాల్‌కు అప్పుడే విసుగు పుట్టింది. కృష్ణకుమారి పక్కన కూర్చోబెట్టుకుని అడగ్గా అడగ్గా విషయం బయటికి వచ్చింది.

వాళ్ళ స్కూలు ఉన్న చిన్న మైదానంలో టవర్ లేదు. ఎగిరే పిల్లలు ఎక్కడున్నదీ రేడియోలో ఒకరికొకరు చెప్పుకుంటారు. కానీ లైసెన్సుకు ముందు టవర్ ఉన్న పెద్ద ఎయిర్‌పోర్టుకు ఒంటరిగా వెళ్ళి దిగి రావాలి. దానికి ముందు మాస్టరును పక్కన కూర్చోబెట్టుకుని ఒకసారి వెళ్ళి చూపించాలి. ఇందు పోయిన నెల వెళ్ళింది. దిగింది. తిరిగి బయలుదేరేటప్పుడు రన్‌వే ముందు ఆగమని టవర్‌లోని అధికారి చెప్పాడు. ఆమె, "రోజర్ సర్" అంది. అతను మళ్ళీ చెప్పాడు. ఆమె మళ్ళీ రోజర్ సర్ అంది. మూడోసారి అతను గొంతు పెంచాడు. ఆమె నోట అసలు మాటే రాలేదు. మాస్టరు మైకు అందుకుని జవాబు చెప్పాడు, తిరిగి వచ్చేదాకా ఆమె వైపు చూడలేదు. పండగ సెలవుల తర్వాత ఇంకొక్క అవకాశం ఇస్తారట. అప్పుడూ ఇలాగే చేస్తే ఆమెను ఒంటరిగా పంపరు, అంతటితో విమానం దిగిపోవలసిందే.

"మీ నాయనకు తెలుసునా?" అని తిరుపాల్ అడిగాడు.

తెలియదని ఆమె తల అడ్డంగా ఊపింది. ఫ్లెక్సీ తీయమని అడగడానికి కూడా నోరు రాలేదట.

తిరుపాల్‌కు జాలి కలగలేదు. రోజర్ అంటే విన్నానని మాత్రమే అర్థం, ఏం విన్నదీ అందులో లేదు. ఆగమంటే ఆగుతున్నానని, ఏ రన్‌వే ముందు ఆగుతున్నదీ పేరుతో సహా పైలట్ తన నోటితో తిరిగి చెప్పాలి. దాన్ని రీడ్‌బ్యాక్ అంటారు. అది వినేదాకా టవర్‌లో ఉన్నవాడికి ఊపిరాడదు, ఎందుకంటే అదే రన్‌వే మీదికి ఇంకోడు దిగుతూ ఉంటాడు. ఇది మొదటి పాఠం. మొదటి పాఠం రాని పిల్లకు విమానం ఇచ్చిన ఆ స్కూలు మూసెయ్యాలని, ఈమె వెళ్ళి వాళ్ళ నాయన అంగడిలో గుడ్డలు మడత పెట్టుకోవాలని అతని తీర్పు. ఆ తీర్పును బయటికే చెప్పాడు. ఇందు దానికీ ఊ అంది.

అయినా నేర్పుతానన్నాడు. ఊళ్ళోకి వచ్చాక అతనికి తెలిసిన పనితో అవసరం పడి వచ్చిన మొదటి మనిషి ఆమె.

మర్నాడు పొద్దున ఆమెను వెంటబెట్టుకుని ఆదోని బస్సు ఎక్కాడు. ఆమెకు రద్దీ అంటే భయమని, ముందు అది పోవాలని అతని ఆలోచన. పత్తి రోజులు కావడంతో మార్కెట్ యార్డు గేటు ముందు ట్రాక్టర్లు, లారీలు, మూటల మీద మూటలు వేసుకుని పక్కకు ఒరిగిన ఆటోలు రోడ్డు పొడవునా నిలబడి ఉన్నాయి. గేటు దగ్గర తువ్వాలు తలకు చుట్టుకున్న మనిషి ఒకడు ఈల ఊదుతూ, నువ్వు రా, నువ్వు ఆగు అని చేతులు ఆడిస్తున్నాడు. ఎవరిని రమ్మన్నాడో, ఎవరిని ఆగమన్నాడో ఎవరూ అడగడం లేదు. అందరూ తల ఊపుతున్నారు, అందరూ ముందుకే తోలుతున్నారు. ఎదురుగా టీ కొట్టు బల్ల మీద కూర్చుని తిరుపాల్ ఆ దృశ్యాన్ని పురుగును చూసినట్టు చూశాడు.

"నువ్వు ఆ నీలం ట్రాక్టరు అనుకో. నేను గేటు. నీ ముందర ఎవురు, ఎనక ఎవురు?"

ఇందు తడుముకోకుండా చెప్పింది. ముందు హాలహర్వి లారీ, దాని ముందు రెండు ఆటోలు, వెనక ఆలూరు వైపు నుంచి వచ్చిన ట్రాక్టరు. ఆ ట్రాక్టరువాడు కుడివైపు నుంచి దూరాలని చూస్తున్నాడని కూడా చెప్పింది. తిరుపాల్ ఆశ్చర్యాన్ని మింగేశాడు. అంటే రద్దీ అంటే భయం లేదు. ఏ ప్రశ్న అడిగినా జవాబు వస్తోంది. వెంటనే ఆజ్ఞలోకి దిగాడు.

"లారీ ఎనకాలే రా. గేటు ముందర తెల్లగీత కాడ నిలబడు."

"ఊ తాత."

"నేను సెప్పినేది ఏంది?"

ఆమె తల దించుకుంది. అప్పుడతను చూశాడు, ఆమె పెదవులు కదులుతున్నాయి. లారీ వెనకాల, తెల్లగీత దగ్గర, అని ఒక్క మాటా పొల్లుపోకుండా లోపల చెప్పుకుంటోంది. పైకి మాత్రం రావడం లేదు. అదే సమయానికి ఆలూరు ట్రాక్టరు కుడి నుంచి దూరి లారీకి తగులుకుంది. ఇద్దరు డ్రైవర్లూ దిగి, నిన్నే ఆగమన్నాడు అంటే నిన్నే ఆగమన్నాడు అని పోట్లాట మొదలుపెట్టారు. గేటు మనిషి ఈల నోట్లో పెట్టుకుని దిక్కులు చూస్తున్నాడు. మామూలు రోజయితే తిరుపాల్ ఆ ముగ్గురి గురించీ ఇంటిదాకా మాట్లాడేవాడు. ఆ రోజు అతని కళ్ళు పిల్ల పెదవుల మీదే ఉండిపోయాయి.

తిరుగు బస్సులో, అన్నీ తెలిసి నోరెందుకు పెగలదని అడిగాడు. ఇందు కిటికీ వైపు తిరిగింది.

"తిరిగి సెప్తే ఎక్కిరించినట్టుంటాది తాత," అంది. "ఆ సారుది పెద్దాయన గొంతు. ఆగమని ఆయన సెప్పినంక, మళ్ళీ నేను ఆగమంటివా, ఆగుతాండాను అంటే ఎట్ల? మా ఇంట్లో అయితే మూతి పగులుతాది."

తిరుపాల్ నవ్వాడు. చాలా రోజుల తర్వాత వచ్చిన నవ్వు, అదీ వెటకారపు నవ్వు. ఆకాశంలో విమానం నడిపే మనిషి అవ్వకు భయపడుతోంది.

బస్సు దిగి నేరుగా అక్క హులిగమ్మ ఇంటికి వెళ్ళాడు. ఆమె వసారాలో రాట్నం ముందు కూర్చుని మగ్గానికి నూలు కండెలు చుడుతోంది. తిరుపాల్ కంటే పదేళ్ళు పెద్దది, ఒంగిపోయిన నడుము, వంగని మాట. మనవరాలి సంగతి చెబితే రాట్నం ఆపకుండా వింది.

"నిజమే కదప్పా. పెద్దోళ్ళు సెప్పినంక ఊ అనల్ల, పనిలోకి పోవల్ల. సెప్పిన మాటే మళ్ళీ మొగాన సెప్పేది ఎక్కిరింపు కాకపోతే ఏంది? బజారిగాడు సిన్నప్పుడు అట్లే సేస్తాంటే మూతి మీద కొడ్తి. మళ్ళీ సెయ్యలేదు."

"అందుకే వానికి ఎవురు ఏం సెప్పినా తెలీదు."

"నిన్నూ అమ్మ కొట్టె. కండె పుల్లతో. మర్సిపోతివా?"

మర్చిపోయానన్నాడు తిరుపాల్. అది అతను ఊరి గురించి మర్చిపోయిన చాలా వాటిలో ఒకటి.

ఆ రోజు నుంచి సెలవులు అయ్యేదాకా ఇందు తన ఇంట్లోనే ఉండాలని, తను చెప్పే ప్రతి మాటనూ తిరిగి చెప్పి తీరాలని ఆజ్ఞ వేశాడు. మంచినీళ్ళు తెమ్మంటే, మంచినీళ్ళు తెస్తున్నానని చెప్పాలి. ఫ్యాను ఆపమంటే, ఫ్యాను ఆపుతున్నానని చెప్పాలి. ఊ అంటే తెచ్చిన నీళ్ళు తాగేవాడు కాదు. మొదట్లో పిల్ల గొంతు బావిలోంచి వచ్చినట్టు వచ్చేది. "ఏమంటివి? టవర్‌కు ఇనపడలేదు" అని అతను ఎగతాళి చేసేవాడు. వీధి మెట్ల మీద ఎండలో కూర్చునే వాళ్ళు ఈ వేడుకను చెవులప్పగించి వినేవాళ్ళు. మెల్లమెల్లగా గొంతు వంటింటి దాకా, తర్వాత వాకిలి దాకా వచ్చింది.

ఇంతలో ఆలూరు నుంచి పెళ్ళి పిలుపుకు చుట్టాలు వచ్చారు. తిరుపాల్ వాళ్ళ ముందు కాలు మీద కాలు వేసుకుని బొంబాయి వానలో విమానాలు ఎలా దించాడో చెబుతూ, మధ్యలో ఇందును కేకేసి మజ్జిగ తెమ్మన్నాడు. ఆమె అతని మొహంలోకి చూసి, "మజ్జిగ తెమ్మంటివి తాత, తెస్తాండాను" అంది, స్పష్టంగా.

చుట్టాల్లో ఒకామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తిరుపాల్‌కు చెవులు వేడెక్కాయి. బొంబాయి వాన ఎక్కడ ఆగిందో గుర్తు రాలేదు. అన్నీ తిరిగి చెప్పాల్సిన పని లేదులే అని విసుక్కున్నాడు.

"మీరే కదా సెప్పమంటిరి," అంది కృష్ణకుమారి వంటింట్లోంచి.

ఆ సాయంత్రం వరకు అతను ఆ పిల్లతో మాట్లాడలేదు. చుట్టాలకు బుద్ధి లేదని, ఆలూరు వాళ్ళంతా అంతేనని సర్దిచెప్పుకున్నాడు.

చివరి పాఠం మిద్దె మీద. కృష్ణకుమారి ముగ్గుపిండితో మిద్దె నడుమ పొడవుగా రన్‌వే గీసింది. అలవాటు చొప్పున దాని చివర తామరపువ్వు కూడా వేయబోతే తిరుపాల్ చూసిన చూపుకు మానుకుంది. రన్‌వే పక్కన దారులు, వాటి పేర్లు, ఎక్కడ ఆగాలో అడ్డగీతలు. మెట్లగది పైకప్పు మీద ప్లాస్టిక్ కుర్చీ, గొడుగు. అది టవర్. ఇందు మిద్దె అంచు వెంట నడుస్తూ, మలుపులు తిరుగుతూ, తను ఎక్కడున్నదీ చెప్పాలి. టవర్ చెప్పింది తిరిగి చెప్పాలి. అర్థం కాకపోతే మళ్ళీ చెప్పమనాలి, తన వల్ల కాకపోతే కాదనాలి. ఆమె విమానానికి నవంబర్ డెల్టా అని పేరు. ఒక్క నియమం మాత్రం తిరుపాల్ పదేపదే చెప్పాడు. విమానం, నడిచే మనిషి లాంటిది కాదు, గాలిలో ఆగి ఆలోచించదు. ఇందు ఎక్కడా నిలబడకూడదు.

పక్క మిద్దెల మీద వడియాలు ఎండబెట్టే ఆడవాళ్ళు పని మానుకుని పిట్టగోడల మీద చేరారు. సినిమా మొదలయ్యేటప్పటికి వచ్చినట్టు బజారి కూడా వచ్చాడు, ఫోను ఎత్తి వీడియో తీయడానికి. అతనికి తెలిసిందల్లా మామ తన కూతురికి పై చదువు చెబుతున్నాడని. వాళ్ళందరినీ తిరుపాల్ టవర్ మీది నుంచి చూశాడు. అద్దాల గదిలోంచి అతను చూసిన ప్రపంచం చాలా చిన్నదిగా, చక్కగా, చెప్పినట్టు వినేదిగా ఉండేది. ఇది చిన్నదిగా మాత్రమే ఉంది.

మొదటి రెండు చుట్లూ బాగానే సాగాయి. ఇందు గొంతు వణికింది గానీ ఆగలేదు. రన్‌వే త్రీ టూ ముందు ఆగమంటే, "హోల్డింగ్ షార్ట్, రన్‌వే త్రీ టూ, నవంబర్ డెల్టా" అంది. పిట్టగోడల మీద నవ్వులు లేచి అణిగిపోయాయి. మూడో చుట్టులో, మనవరాలు ఏం చేస్తోందో చూద్దామని హులిగమ్మ మెట్లెక్కి పైకి వచ్చింది. ఎక్కిన ఆయాసానికి కూర్చోవాలి. మెట్లగది నీడ రన్‌వే మీద పడుతోంది. నేరుగా వెళ్ళి ముగ్గు గీతల నడుమ కాళ్ళు చాపుకుని కూర్చుంది.

తిరుపాల్ చూడలేదు. అతను బజారిని తిడుతున్నాడు. ఫోను పట్టుకుని టవర్ గోడ ఎక్కబోతున్నాడు బజారి. దిగమని, ఎక్కితే కాలు విరుగుతుందని, విరిగితే నయమని తిట్టి, తల తిప్పకుండానే మైకులో చెప్పినట్టు చెప్పాడు.

"నవంబర్ డెల్టా, రన్‌వే త్రీ టూ, క్లియర్డ్ టు ల్యాండ్."

అంటే రన్‌వే మీద దిగమన్నాడు. ఇందు చివరి మలుపు తిరిగి రన్‌వేకు ఎదురుగా వస్తోంది. ముందు అవ్వ. పైన తాత. ఆగకూడదు. నాలుగు అడుగులు వేసింది. అలవాటు ప్రకారం అయితే ఊ అని, అవ్వ దాకా వచ్చి నిలబడి, ఎవరైనా చూస్తారేమోనని ఎదురుచూడాలి. ఆమె కుడివైపుకు తప్పుకుని, నడక ఆపకుండా, వీధి చివరిదాకా వినిపించేటట్టు చెప్పింది.

"గోయింగ్ అరౌండ్. నేను దిగను. రన్‌వే మీద అవ్వ కూసోనుంది. నవంబర్ డెల్టా."

పిట్టగోడలన్నీ ఒక్కసారి పగలబడి నవ్వాయి. బజారి ఫోను వాళ్ళవైపు తిప్పి నవ్వాడు. హులిగమ్మ, తన మాట వచ్చిందని చుట్టూ చూసింది. తిరుపాల్ కుర్చీలోంచి లేచాడు. జీవితంలో అతను ఒక్కసారి కూడా మనుషులున్న రన్‌వే మీదికి విమానాన్ని దించలేదు. దించి ఉంటే అదే ఆఖరి రోజు అయ్యేది. ఆ సంగతి మనసులో ఒక మూల తెలుస్తూనే ఉంది. కానీ నోటికి వచ్చింది అది కాదు. టవర్ భాష జారిపోయి, రాట్నాల వీధి భాష వచ్చింది.

"ఏమే, ఎవురితో మాట్లాడ్తాండావో తెలుసునా నీకు?"

ఆ గొంతు కాలనీలో అందరికీ తెలుసు, ప్రతి ఇంట్లోనూ ఉంది. ఆ గొంతుకు ఏం జవాబు చెప్పాలో కూడా అందరికీ తెలుసు. తల దించుకుని నిలబడటమే. బజారి కూతురి వైపు చూసి, దించుకో అన్నట్టు కనుబొమలు కిందికి ఆడించాడు.

ఇందు నిలబడలేదు. మిద్దె అంచు వెంట మలుపు తిరుగుతూ, మొహం ఎర్రబడి, గొంతు మాత్రం అదే ఎత్తులో పెట్టి చెప్పింది.

"ఎవురితో మాట్లాడ్తాండానో తెలుసు. టవర్‌తో. నవంబర్ డెల్టా."

తిరుపాల్ చెయ్యి లేచి ఉంది. ఎప్పుడు లేచిందో అతనికి తెలియదు. పక్కన ఎవరూ లేరు కాబట్టి అది ఎవరి మూతి మీదా పడలేదు. ఆ చేతితో గొడుగు సర్దుకున్నాడు. కింద అక్క అతని చేతినే చూస్తోంది.

"లెయ్యక్కా ఆడ్నించి," అన్నాడు చివరికి. "రన్‌వే అది."

"నాకేం తెలుసప్పా, నీడ ఉందని కూసుంటి" అని హులిగమ్మ లేచింది. చీరకు అంటిన ముగ్గుపిండి దులుపుకుంది. తిరుపాల్ మళ్ళీ కూర్చుని, దిగడానికి మళ్ళీ అనుమతి ఇచ్చాడు. ఇందు దాన్ని అక్షరం పొల్లుపోకుండా తిరిగి చెప్పి దిగింది. బాగుందని అతను అనలేదు. ఆ రాత్రి అన్నం తినేటప్పుడు కూడా అనలేదు. పిల్లకు నోరు ఎక్కువైందని మాత్రం భార్యతో అన్నాడు. అందుకేగా వచ్చింది అంది కృష్ణకుమారి.

సెలవులు అయ్యాయి, ఇందు వెళ్ళిపోయింది. తిరుపాల్ మళ్ళీ ఊరి మీద పడ్డాడు. కరెంటువాళ్ళు, కుళాయివాళ్ళు, ఫ్లెక్సీలు కట్టేవాళ్ళు ఎవరూ మారలేదు. మిద్దె మీద ముగ్గు గీతలు మాత్రం అలాగే ఉన్నాయి. కృష్ణకుమారి కడగబోతే ఇప్పుడేం తొందరని అడ్డుపడ్డాడు. మాస్టరుతో పరీక్ష అయిందని, ఒంటరిగా పంపుతున్నారని ఇందు నుంచి మెసేజ్ వచ్చినప్పుడు, వాళ్ళకు విమానాలు ఎక్కువై ఉంటాయని అన్నాడు. ఆ రోజు మధ్యాహ్నం అన్నం దగ్గర రెండుసార్లు లేచి ఫోను చూశాడు.

ఫోను వచ్చేటప్పటికి అక్క ఇంటి వసారాలో ఉన్నాడు. ఇందు గొంతు వెనక ఇంజన్ల మోత. పెద్ద ఎయిర్‌పోర్టులో దిగానని, తిరిగి వచ్చి స్కూలు మైదానంలో కూడా దిగానని చెప్పింది. టవర్‌లో ఈసారి కూడా ఆ పెద్దాయన గొంతేనట. రన్‌వే మార్చాడట, పెద్ద విమానం వెనకాల రమ్మన్నాడట, ఒకచోట అర్థం కాకపోతే మళ్ళీ చెప్పమని అడిగిందట. తిట్టాడా అని తిరుపాల్ అడిగాడు. లేదంది.

"రన్‌వే ముందర ఆగమన్యాడా?"

"ఆగమన్యాడు తాత."

"నువ్వేమంటివి?"

ఆమె చెప్పింది. రన్‌వే పేరు, ఆగుతున్న చోటు, తన విమానం పేరు, అన్నీ వరసగా. ఫోనులో మోత మాత్రం మిగిలింది. రీడ్‌బ్యాక్ సరిగ్గా ఉంటే టవర్‌లో ఉన్నవాడు సరే అని ఒక మాట అనాలి. అది కూడా పాఠమే.

"రీడ్‌బ్యాక్ కరెక్ట్," అన్నాడు తిరుపాల్, ఆ మాట మాత్రం అని ఫోను పెట్టేశాడు.

అప్పటికే బజారికి వార్త అంది, కొత్త ఫ్లెక్సీ గురించి అంగడిలో మాట్లాడుతున్నాడట. ఒక మూల మామ ఫోటో కూడా వేస్తాడట. తన మొహం ఆ మూర్ఖుల మధ్య కనిపిస్తే బ్లేడుతో కోస్తానని తిరుపాల్ గోడకు చెప్పాడు. ఈసారి విమానానికి ఎన్ని ఇంజన్లు వేస్తాడో చూడాలి. టవర్‌లోని ఆ పెద్దాయన గొంతు తనకు తెలిసినవాడిదేమో. రెండు ఇంజన్లయినా తగ్గిస్తాడా. రాట్నం గిర్రున తిరుగుతోంది. హులిగమ్మ ఏదో అంది. అంగడి వీధికి పోతున్నావు కదా, వస్తూ వస్తూ ఏవో తెమ్మంది, ఎవరి దగ్గరో ఏదో చెప్పి రమ్మంది.

"ఊ," అన్నాడు తిరుపాల్, చెప్పులు వేసుకుంటూ.

రాట్నం ఆగింది. ఆమె మాట్లాడేటప్పుడు అది ఆగడం ఆ ఇంట్లో ఎవరూ చూడలేదు.

"ఊ కాదప్పా," అంది హులిగమ్మ. "ఏం తెమ్మంటినో సెప్పు."

తిరుపాల్ గుమ్మంలో, ఒక కాలు చెప్పులో, ఒక కాలు బయట, అలాగే నిలబడిపోయాడు. ఎంత వెతికినా ఒక్క మాటా గుర్తు రాలేదు.